శ్రీహరికోట లాంచ్ గ్యాలరీ: 5 దగ్గర ఆగిన కౌంట్‌డౌన్‌కి ఫుల్ మార్కులు

ముందు పనికొచ్చే మాట: రాకెట్లు ఎగరడం చూసే ఈ గ్యాలరీకి టికెట్ లేదు, ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుంటే చాలు, కానీ సీట్లు ఇట్టే అయిపోతాయి కాబట్టి టైమ్‌కి ఫోన్ పట్టుకుని రెడీగా ఉండండి. సూళ్లూరుపేట నుంచి పులికాట్ మీదుగా వెళ్లే రోడ్డుంది చూశారూ, రెండువైపులా నీళ్లు, కొంగలు, దానికోసమైనా వెళ్లొచ్చు. మేం మాట్లాడుకున్న కారాయనే "ఇంకెంతసేపు సార్" అని పదిసార్లు ఫోన్ చేసి విసిగించాడు.

మేం వెళ్లింది 2023 అక్టోబర్ 21న, మనవాళ్లని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ ప్లాన్‌లో మొదటి టెస్ట్ వెహికల్ ఎగిరిన రోజు. అందులో మనుషులెవరూ లేరు, రాకెట్‌కి ఏమన్నా అయితే లోపలున్నవాళ్లని లాక్కుని బయటపడేసే ఏర్పాటు పనిచేస్తుందా లేదా అన్నదే పరీక్ష. 8 గంటలకన్నారు, వాతావరణం బాలేక 8:30 అన్నారు, తర్వాత 8:45. అందరం గొంతు చించుకుని అంకెలు లెక్కపెడుతుంటే 5 దగ్గర టక్కున ఆగిపోయింది. కంప్యూటరే ఆపేసిందట. మావాడు ఏడుపు మొహం పెట్టి "పాడైపోయిందా నాన్నా?" అన్నాడు. ముందు వరసలో పెద్దాయన వెనక్కి తిరిగి "పాడవలేదమ్మా, జాగ్రత్తపడింది" అన్నారు. 10 గంటలకి లేచింది. ముందు వెలుగు, కాసేపటికి చప్పుడు, ఆ తర్వాత కుర్చీలో అదురు. నిమిషం అటూ ఇటూగా ఎస్కేప్ మోటార్లు మనుషులు కూర్చునే మాడ్యూల్‌ని లాగేశాయి, అది పారాచూట్లతో బంగాళాఖాతంలో దిగి తలకిందులుగా తేలుతుంటే నేవీవాళ్లు తీసుకొచ్చారు.

ఇక అసలు ప్లాన్‌కి నా మార్కులు. 2018లో ఎర్రకోట మీద నుంచి 2022కల్లా మనవాళ్లు వెళ్తారన్నారు, ఇప్పుడు 2027 అంటున్నారు. ఆలస్యానికి నాకు కోపం లేదు, ఆ 5 సెకన్ల దగ్గర ఆగడం చూశాక అసలే లేదు. కానీ ముగ్గురిని 400 కిలోమీటర్ల ఎత్తుకి ఒక్కసారి కూడా పంపకముందే 2035కి సొంత అంతరిక్ష స్టేషన్, 2040కి చంద్రుడి మీద మనిషి అని తేదీలు ఎందుకండీ? పెళ్లిచూపులు కాకముందే బారసాలకి భోజనాలు చెప్పినట్టుంది. శుభాంశు శుక్లాని 2025లో అంతర్జాతీయ స్టేషన్‌కి పంపితే డబ్బు దండగ అన్నవాళ్లున్నారు, నేను ఒప్పుకోను, గగన్‌యాన్‌కి ఎంపికైన నలుగురిలో ఒకరికైనా అక్కడ తిరిగొచ్చిన అనుభవం ఉండాలి కదా. అలాగే శ్రీహరికోటలోనే మూడో లాంచ్ ప్యాడ్‌కి దాదాపు 3,985 కోట్లు ఇచ్చారు, పెద్ద రాకెట్ లేకుండా చంద్రుడి మాట ఉత్త మాటే కాబట్టి నాకు బాగా నచ్చిందిదే.

గ్యాలరీకి 5కి 5, ప్లాన్‌కి 4, తేదీలకి 2. టోపీ, నీళ్లు మర్చిపోవద్దు. మనిషి రూపంలో ఉండే రోబో వ్యోమమిత్ర ఎగిరే రోజుకీ మావాడు ఇప్పటినుంచే తయారు, ఈసారి కారు మాత్రం రోజంతటికీ మాట్లాడుకుంటాను.