‘క్లౌస్’: ఒక పోస్ట్‌మ్యాన్ ఇంట్లో చూసిన క్రిస్మస్ సినిమా

సెలవుల్లో ఇంటిల్లిపాదీ కలిసి చూడదగిన సినిమా దొరకడం కష్టం. పిల్లలకు నచ్చేది పెద్దవాళ్లకు పది నిమిషాల్లో విసుగు పుట్టిస్తుంది, పెద్దవాళ్లకు నచ్చేది పిల్లల బుర్రకెక్కదు. మొన్న డిసెంబరులో గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో ఎనభయ్యో పడికి దగ్గరపడిన మా నాన్నగారు, పదేళ్ల మా అమ్మాయి, ఆరేళ్ల మా అబ్బాయి, పక్కింటి పిల్లలిద్దరు ఒకే గదిలో కూర్చుని 96 నిమిషాలూ కదలకుండా చూసిన చిత్రం ‘క్లౌస్’. 2019 నవంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన ఈ యానిమేషన్ చిత్రాన్ని నేను అంతకు ముందే ఒకసారి ఒంటరిగా చూశాను, బాగుందనుకున్నాను. ఈసారి నాన్నగారి పక్కన కూర్చుని చూస్తే, క్రిస్మస్ తాత కథ అని చెప్పుకునే ఈ సినిమా నిజానికి ఒక పోస్ట్‌మ్యాన్ కథ అని అర్థమైంది. నాన్నగారు ముప్పై నాలుగేళ్లు తపాలా శాఖలో పనిచేశారు, అందులో ఎక్కువ కాలం సైకిల్ మీద ఉత్తరాలు బట్వాడా చేశారు.

కథానాయకుడు జెస్పర్ తపాలా శాఖ అధిపతికి ఒక్కగానొక్క కొడుకు, పట్టు దుప్పట్లలో పెరిగిన సోమరి. కొడుకుకు బుద్ధి రావాలని తండ్రి అతన్ని ఉత్తర దిక్కున మంచులో మునిగి ఉన్న స్మీరెన్స్‌బర్గ్ అనే దీవికి పంపి, ఏడాదిలోగా 6,000 ఉత్తరాలకు ముద్ర పడాలని, లేకపోతే ఆస్తిలో చిల్లిగవ్వ కూడా దక్కదని తేల్చి చెబుతాడు. ఆ ఊళ్లో ఉత్తరం రాసేవాడే లేడు. క్రమ్‌లు, ఎల్లింగ్‌బోలు అనే రెండు వంశాలవాళ్లు తరతరాలుగా కొట్టుకుంటూ బతుకుతుంటారు, బడికి పంపితే పిల్లలు శత్రువుల పిల్లల పక్కన కూర్చోవాల్సి వస్తుందని చదువు కూడా మాన్పించేశారు. పాఠాలు చెప్పడానికి వచ్చిన ఆల్వా అనే పంతులమ్మ చేసేది లేక బడిలోనే చేపలు అమ్ముకుంటూ, ఊరు విడిచి పోవడానికి డబ్బు కూడబెట్టుకుంటూ ఉంటుంది.

ఊళ్లో దిగిన మొదటి రోజే జెస్పర్ తెలియక ఒక గంట కొడతాడు. అది యుద్ధం మొదలుపెట్టే గంట. ఒక్కసారిగా తలుపులన్నీ తెరుచుకుని ఊరంతా కర్రలూ గొడ్డళ్లూ పట్టుకుని వీధిలోకి వస్తుంది. ఆ దృశ్యం చూడగానే నాన్నగారు, ‘ఇది మన పల్నాడే’ అన్నారు. ఆయన మాటలో అతిశయోక్తి లేదు. మాచర్ల, గురజాల రాజ్యాల మధ్య కోడిపందెంతో ముదిరి కారంపూడి యుద్ధభూమి దాకా వెళ్లిన పగను వీరగాథగా విని పెరిగిన ప్రాంతం మాది. పగ ఎలా మొదలైందో మరిచిపోయినా దాన్ని నిలబెట్టుకోవడమే మర్యాద అనుకునే మనుషులను ఇక్కడివారికి కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. సినిమాలో రెండు వంశాల పెద్దలూ తమ పిల్లలకు పూర్వీకుల కొట్లాటల చిత్రపటాలను గర్వంగా చూపించే సన్నివేశంలో పిల్లలు నవ్వారు, నాన్నగారు నవ్వలేదు.

అడవిలో ఒంటరిగా ఉండే క్లౌస్ అనే ముసలి వడ్రంగి దగ్గర ఇంటినిండా బొమ్మలున్నాయి. ఇంట్లో నిర్బంధంగా పెరుగుతున్న ఒక పిల్లవాడు, కిటికీ ఊచల వెనక దిగులుగా నిలబడినట్టు తన బొమ్మ తానే గీసుకుంటాడు. ఆ కాగితం గాలికి ఎగిరి జెస్పర్ చేతికి చిక్కితే, వెనక్కి ఇవ్వడానికి కూడా అతను తపాలా రుసుము అడుగుతాడు! ఆ కాగితమే చివరికి క్లౌస్ కంటబడుతుంది. అర్ధరాత్రి ఆ ఇంటికి చేరిన చెక్క కప్ప గంతులేస్తుంటే, మొదట భయపడి, తర్వాత వంగి చూసి, ఆ తర్వాత పగలబడి నవ్విన పిల్లవాడి నవ్వును క్లౌస్ బయట చలిలో నిలబడి వింటాడు. ఆ కాసేపట్లో అతని ముఖంలో పెద్దగా ఏదీ కదలదు, కనుబొమలు మాత్రం కొద్దిగా సడలుతాయి. ఇంత పెద్ద మనిషికి ఇంత తక్కువ మాటలు పెట్టి, భుజాల వంపుతోనూ చూపుతోనూ అతని దుఃఖమంతా చెప్పించడం మామూలు పనితనం కాదు. ఆ బొమ్మలు ఎవరి కోసం చేసినవో తెలిసేసరికి మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ సంగతి ఇక్కడ చెప్పను.

బొమ్మ కావాలంటే ఉత్తరం రాయాలి, ఉత్తరం రాయాలంటే అక్షరాలు రావాలి. అందుకని పిల్లలు తమంతట తామే ఆల్వా బడి తలుపు తట్టే ఘట్టం నాకు ఈ చిత్రంలో అన్నిటికన్నా ఇష్టమైనది. ఇక్కడే నాన్నగారు తన ఉద్యోగపు రోజుల గురించి చెప్పారు. చదువు రాని ఇళ్లలో ఉత్తరం చేతికిచ్చి వెళ్లిపోతే సరిపోయేది కాదట, అరుగు మీద కూర్చుని చదివి వినిపించి, అవసరమైతే జవాబు కూడా రాసిపెట్టి, మనియార్డరు వస్తే డబ్బుతో పాటు అందులో రాసిన నాలుగు ముక్కలూ చెప్పి రావాలట. జెస్పర్ కూడా మొదట ముద్రల లెక్క కోసమే తిరుగుతాడు, క్రమంగా ఏ ఇంట్లో ఎవరికి ఏం కావాలో అతనికి తెలిసిపోతుంది. రచయితలు ఈ మార్పును ఎక్కడా ఉపన్యాసంగా చెప్పలేదు, అతను చేసే పనిలోనే చూపించారు.

దర్శకుడు సెర్హియో పాబ్లోస్‌కు ఇది దర్శకుడిగా తొలి చిత్రం. మాడ్రిడ్‌లోని తన స్టూడియోలో ఆయన దీన్ని చేతి గీతలతోనే తీశారు. అందరూ కంప్యూటర్ బొమ్మల వైపు వెళ్లిపోయిన కాలంలో, గీసిన బొమ్మల మీద వెలుగునీడలను పరిచే కొత్త సాధనంతో వాటికి నిండుదనం తెచ్చారు. లాంతరు ఊగితే ముక్కు మీది వెలుగు చెంప మీదికి జారుతుంది, గడ్డం అంచున మంచు మెరుస్తుంది. మావాడు ఇవి గీసిన బొమ్మలంటే నమ్మలేదు. ఊరి రంగులు కూడా మొదట్లో బూడిదగా, నీలంగా ఉండి కథ నడిచేకొద్దీ వెచ్చబడతాయి. చలికి శాలువా తీయాల్సిన అవసరమే అంతగా రాని మా ఊళ్లో పిల్లలు దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. ఈ చిత్రానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా బ్రిటన్‌వారి బాఫ్టా పురస్కారం దక్కింది, ఆస్కార్‌కు కూడా పోటీపడింది.

లోపాలు లేకపోలేదు. మంచితనంగా సాగుతున్న కథలో జెస్పర్ దాచిన రహస్యం బయటపడి అందరూ అతనికి దూరమయ్యే మలుపు ఎన్నో సినిమాల్లో చూసిందే, అది వస్తుందని పదేళ్ల పిల్ల ముందే చెప్పేసింది. వంశపెద్దల కుట్ర, చివర్లో కొండవాలున జరిగే తరుముడు కొంత సాగదీసినట్టుంటాయి. మధ్యలో వినిపించే నేటి తరహా పాట ఆ పాతకాలపు ఊరికి అతకలేదు. క్లౌస్ గొడ్డలితో చీకట్లోంచి మొదటిసారి బయటికి వచ్చినప్పుడు మావాడు తాతయ్య వీపు వెనక దాక్కున్నాడు, కాబట్టి మరీ చిన్నపిల్లలుంటే పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

ఇంకొక్క సంగతి. ఆ దీవిలో మార్గు అనే చిన్న పిల్ల ఉంటుంది, ఉత్తర స్కాండినేవియాకు చెందిన సామీ ప్రజల పిల్ల. ఆమె మాట్లాడేది సామీ భాష, జెస్పర్‌కు ఒక్క ముక్క అర్థం కాదు. ఆమె మాటలకు దర్శకుడు కింద తర్జుమా ఇవ్వలేదు. మేము ఇంగ్లీషులో చూస్తున్నాం కాబట్టి నాన్నగారికి నేను మధ్యమధ్య తెలుగులో చెబుతూ వచ్చాను. మార్గు గబగబా ఏదో చెప్పడం మొదలుపెట్టినప్పుడు కూడా అలవాటుగా ఆయన వైపు తిరిగాను. ఆయన చెయ్యెత్తి వద్దన్నారు. ‘ఉత్తరం రాయించుకోవడానికి వచ్చింది, తెలుస్తూనే ఉందిగా’ అన్నారు.