ఆయిల్ రిపోర్టు చూపించి అమ్ముతున్న డీజిల్ బండ్లు: అడ్వాన్సు ఇచ్చేముందు చదవండి

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు సెకండ్ హ్యాండ్ డీజిల్ బండి వెతుకుతున్నవాళ్లందరికీ ఇది చెప్పాలి. బరంపురంలో ఒక పాత బండ్ల షాపువాళ్లు బండితోపాటు ల్యాబ్ ఇచ్చిన ఇంజిన్ ఆయిల్ రిపోర్టు చేతిలో పెడుతున్నారు. "ఇంజిన్‌కి రక్తపరీక్ష చేయించాం సార్, అన్నీ నార్మల్" అంటున్నారు. మా బావగారు ఆ కాగితం చూసే బీఎస్-6 కాలుష్య ప్రమాణాల డీజిల్ బండి తీసుకున్నారు.

ఇంజిన్ అరిగేకొద్దీ లోహపు పొడి ఆయిల్‌లో కలుస్తుంది, దాన్నే ల్యాబ్ పీపీఎంలో (పది లక్షల్లో ఎన్ని వంతులో) కొలుస్తుంది. రిపోర్టులో ఇనుము 4 పీపీఎం, అల్యూమినియం 1. చూడ్డానికి ముచ్చటగా ఉంది, అనుమానించాల్సింది అక్కడే. వేల కిలోమీటర్లు తిరిగిన డీజిల్ బండి ఆయిల్‌లో ఇనుము పదుల్లో ఉండటం మామూలే. ఇంత శుభ్రంగా ఉందంటే ఆయిల్ నిన్నో మొన్నో పోసినట్టు. ఇంజిన్ అరిగిన జాడంతా పాత ఆయిల్‌తోనే పోయింది. "ఆయిల్ మార్చాక తిరిగిన కిలోమీటర్లు" అనే గడి ఖాళీ. ఆ గడి నింపని రిపోర్టుని దయచేసి లెక్కలోకి తీసుకోకండి.

బండి ఇంటికొచ్చి రాయగడ ఊళ్లోనే తిరుగుతుంటే, ఆయిల్ కొలిచే గేజ్ కడ్డీ మీద ఆయిల్ తగ్గకపోగా పెరుగుతూ వచ్చి మ్యాక్స్ గీత దాటింది. వాసన చూస్తే డీజిల్. ఈసారి మేమే శాంపిల్ పంపించాం. పోసింది 5డబ్ల్యూ-30 ఆయిల్. 100 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం 9.3 సెంటీస్టోక్స్‌కి తగ్గకూడదు, 12.5 లోపు ఉండాలి. మాది 8.1 వచ్చింది, డీజిల్ 7 శాతం. డీజిల్ 2 శాతం దాటగానే కనిపెట్టుకుని ఉండాలి, 5 దాటితే ఆ ఆయిల్ వెంటనే దించేయాలి. అంత పలచబడ్డ ఆయిల్ బేరింగుల మధ్య, టర్బో దగ్గర పొరగా నిలవదు, లోహం లోహం రాసుకుంటుంది.

బీఎస్-6 డీజిల్ బండిలో పొగమసి పట్టే ఫిల్టర్, డీపీఎఫ్, ఉంటుంది. ఆ మసిని కాల్చడానికి చాలా ఇంజిన్లు సిలిండర్‌లోకి ఆలస్యంగా ఇంకాస్త డీజిల్ చిమ్ముతాయి. బజారుకీ బడికీ తిరిగే బండిలో ఆ కాల్చడం పూర్తికాకుండానే ఇంజిన్ ఆపేస్తాం, మళ్లీ మళ్లీ మొదలవుతుంది. మండని డీజిల్ సిలిండర్ గోడల మీంచి ఆయిల్‌లోకి దిగుతుంది. మా బండిలో దీనికితోడు ఒక ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) కారుతోందని మెకానిక్ తేల్చాడు. షాపుకి ఫోన్ చేస్తే "రిపోర్టు ల్యాబ్‌ది, మాకేం సంబంధం" అన్నారు. ఆ కాగితం చూపించే కదా అమ్మారు!

ఇంకో తిరకాసు ఉంది. డీజిల్ ఆయిల్‌ని పలచన చేస్తే మసి చిక్కబరుస్తుంది. రెండూ కలిస్తే చిక్కదనం అంకె బాగానే కనబడొచ్చు. అందుకే చిక్కదనాన్నో ఫ్లాష్ పాయింట్‌నో (ఆయిల్ ఆవిరి అంటుకునే వేడి) బట్టి అంచనా కట్టిన ఇంధన శాతం చాలదు, ఆయిల్‌లో కలిసిన డీజిల్‌ని విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్షతో తీసిన అంకె అడగండి. రిపోర్టులో సిలికాన్ (మట్టిదుమ్ములో ఉండేది) ఎక్కువుంటే దుమ్ము లోపలికి పోతోందేమో, ఎయిర్ ఫిల్టర్ విప్పించండి. మన కొండదారుల ఎర్రదుమ్ముకి అది తప్పక చూడాలి.

కొత్త ఆయిల్ పోసేసిన బండికి మీరు శాంపిల్ తీయించినా ఫలితం ఉండదు. దాని బదులు చివరి సర్వీసు బిల్లు మీద తేదీ, కిలోమీటర్లు చూడండి. మీకు తెలిసిన మెకానిక్‌తో బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టించి, డీపీఎఫ్ మసి కాల్చుకోవడం ఎన్ని కిలోమీటర్లకోసారి జరుగుతోందో, ఇంజెక్టర్ల కరెక్షన్ అంకెల్లో (ఒక్కో ఇంజెక్టర్ చిమ్మే డీజిల్‌ని కంప్యూటర్ ఎంత సర్దుతోందో చెప్పేవి) ఏ ఒక్కటైనా మిగతావాటికి దూరంగా ఉందేమో చూడమనండి. స్కానర్ పెట్టనివ్వనంటే ఆ బండి వదిలేసి ఇంకోటి చూసుకోండి.