స్టెపినీ స్టాండు: వెనక రేకుకా, చాసిస్‌కా?

పాత కారు వెనక స్టెపినీ (అదనపు చక్రం) తగిలించే స్టాండును బాడీ రేకుకు బిగిస్తే చవక, ఒక పూట పని. కానీ టైరుతో సహా చక్రం 20 కిలోల దాకా తూగుతుంది. తిరుమల ఘాట్ మలుపుల్లో ఊగి ఊగి బోల్టు రంధ్రాల దగ్గర రేకు చీలుతుంది. లోపల ప్లేటు వేస్తే చీలిక ప్లేటు అంచుకు జరుగుతుంది, అంతే.

చాసిస్‌కు (బండి అడుగునుండే ఇనుప చట్రానికి) బిగించేదే మేలు. ఫోర్డ్ మోడల్ ఎ (1928–31) అయితే 6 మి.మీ. ప్లేటు మీద 5½ అంగుళాల వ్యాసమున్న వృత్తంలో చక్రం బోల్టులకు అయిదు రంధ్రాలు గుర్తించి చిత్తూరులో ఏ లేత్ షాపులోనైనా వేయించొచ్చు. ప్లేటును మోసే 40×6 మి.మీ. ఇనుప ఫ్లాట్లు (పట్టీలు) రెండూ అంచు మీద నిలువుగా నిలబెట్టాలి, పడుకోబెడితే వంగుతాయి. చాసిస్‌కు వెల్డింగ్ వద్దు; 10 మి.మీ. హైటెన్సిల్ బోల్టులు, నైలాక్ నట్లు (అదురుకు వదులవనివి) వాడండి. స్టాండు ముక్కలను పూర్తిగా వెల్డింగ్ చేసే ముందు టాక్ కొట్టి (చుక్కలుగా తాత్కాలికంగా అతికి) చక్రం తగిలించి చూడండి: బాడీకి రెండు వేళ్ల సందైనా ఉండాలి, నంబరు ప్లేటు కనపడాలి. మోడల్ ఎకు పెట్రోలు ట్యాంకు ముందుంటుంది. ట్యాంకు వెనకున్న బండికైతే దాన్ని దించాకే డ్రిల్లు పట్టండి.