ఒట్టి సంతకమా, పేరు రాసిచ్చిన ప్రతా?

పాత పుస్తకాలు పోగుచేసే నెల్లూరు, ఒంగోలు మిత్రులు ఈమధ్య మళ్ళీ మళ్ళీ ఇదే అడుగుతున్నారు: “అన్నా, రచయిత సంతకం ఒక్కటే ఉన్నది కొనాలా, ఎవరికో పేరు రాసిచ్చింది కొనాలా?” చాలామంది మనసు ఒట్టి సంతకం వైపే. ముక్కూముఖం తెలియని మనిషి పేరు మన బీరువాలో ఎందుకని. నేను మాత్రం పేరున్నదే కొంటాను. మొన్న కొన్నదీ అదే.

ఒట్టి సంతకం చూడ్డానికి బాగుంటుంది, మళ్ళీ అమ్ముకోవడమూ తేలిక. కానీ గొడవలన్నీ దానితోనే. ఉండేది మూడు నాలుగు అక్షరాలు. అవి చాలా పుస్తకాల అట్టల మీద అచ్చయి ఉంటాయి కాబట్టి, చూసి దిద్దుకునేవాడికి నమూనా చేతిలోనే ఉంది. పైగా ముప్ఫై ఏళ్ళప్పటి సంతకం డెబ్బై ఏళ్ళకు అలాగే ఉండదు. ఒకరు దొంగదంటారు, ఇంకొకరు వయసులో చెయ్యి వణికిందంటారు. ఇద్దరికీ ఆధారం లేదు, తగవు తెగదు.

‘మిత్రులు ఫలానా వారికి, ప్రేమతో’ అని రాసి, కింద సంతకం, తేదీ, ఊరు వేసిన ప్రతి అలా కాదు. తలకట్లు, ఒత్తులు, గుణింతాలు అన్నీ ఉంటాయి. ఆ రచయిత రాసిన పోస్టుకార్డు ఒక్కటి దొరికినా పక్కన పెట్టి చూడొచ్చు. అంతకంటే ముఖ్యం, ఆ రెండు వాక్యాల్లో నిజమో కాదో తేల్చుకోగల సంగతులు ఉంటాయి. 1965 తేదీ వేసి ‘ఒంగోలు, ప్రకాశం జిల్లా’ అని ఉందనుకోండి, అక్కడే దొరికిపోయింది. ఒంగోలు జిల్లా ఏర్పడిందే 1970 ఫిబ్రవరిలో, ప్రకాశం పేరు వచ్చింది 1972లో. అంతకుముందు ఒంగోలు గుంటూరు జిల్లాది, కందుకూరు నెల్లూరుది, మార్కాపురం కర్నూలుది. రచయిత చేత్తో రాసిన చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15కు ముందుది కాదు. పుచ్చుకున్నాయన రబ్బరుస్టాంపులో ఉంటే వేరే సంగతి, అది ఎప్పుడైనా వేసుకోవచ్చు.

ఇక మనిషి. ఆ పేరు గలాయన నెల్లూరు వి.ఆర్. కాలేజీలో పాఠాలు చెప్పినాయనైతే శిష్యులు ఊళ్ళో ఇంకా ఉంటారు. నేను కొన్న ప్రతిలోని పేరు పట్టుకుని విచారిస్తే ఆయన కొడుకు దాకా వెళ్ళగలిగాను. “మా నాన్న పుస్తకాలే, ఇల్లు మారేటప్పుడు ఇచ్చేశాం” అన్నారు. ఏ భూతద్దమూ ఇంత గట్టి సాక్ష్యం ఇవ్వదు. పేరు కూడా దొంగతనంగా రాయొచ్చు కదా అంటారు. రాయొచ్చు. ఎంత ఎక్కువ రాస్తే అంత ఎక్కువ దొరుకుతాడు.

రెండింటికీ పనికొచ్చే పరీక్షలు కొన్ని ఉన్నాయి. ముందు ముద్రణ సంవత్సరం చూడండి. కవికోకిల దువ్వూరి రామిరెడ్డి గారు 1947లో పోయారు. ఆ తర్వాతి ముద్రణలో ఆయన సంతకం ఉంటే అది అచ్చులో వచ్చిందైనా కావాలి, దొంగదైనా కావాలి. ముందు ముద్రణైనా బాల్‌పెన్నుతో ఉంటే నేను ముట్టుకోను. అమెరికాలోనే బాల్‌పెన్ను అంగళ్ళకు వచ్చింది 1945 అక్టోబరులో. ఇంకుపెన్ను సంతకమైతే అంచులు చూడండి. పాత కాగితంలో సిరాను పాకనీయని పూత బలం తగ్గి ఉంటుంది కాబట్టి ఇప్పుడు రాస్తే సిరా పాకుతుంది. చూసి దిద్దిన గీతలో వేగం ఉండదు, ఆగిన చోటల్లా చుక్క పడుతుంది.

అమ్మేవాళ్ళిచ్చే ‘అసలైనదే’ అన్న సర్టిఫికెట్టు సంగతి ఒక్క ముక్కలో చెప్తాను: సంతకం దిద్దినవాడికి అది అచ్చేయించడం ఇంకా తేలిక.

చేతిరాత నిపుణుడి దగ్గరికి వెళ్ళడం పెద్ద ధర పలికే ప్రతికైతే సరే. ఆయనకూ అదే కాలపు నమూనాలు కావాలి, ఫోనులో పంపిన ఫోటో చాలదు. 2024 జూన్ దాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం 45వ సెక్షన్‌లో నిపుణుడి అభిప్రాయానికి చోటిస్తూనే, 47లో ఆ చేతిరాత బాగా ఎరిగిన మామూలు మనిషి మాటకూ చోటిచ్చింది. రచయితతో ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిపిన పెద్దాయన మీ ఊళ్ళో ఉంటే ముందు ఆయన్నే అడగండి.

ఈసారి టౌన్‌హాలులో పుస్తకావిష్కరణకు వెళ్ళినప్పుడు రచయితను సంతకం ఒక్కటే అడగకండి. మీ పేరు, ఊరు, తేదీ కూడా రాయించుకోండి.