నెట్‌వర్క్ ఖర్చు లెక్కకు ఎక్సెలా, మోడలింగ్ సాఫ్ట్‌వేరా? ఏది మేలు?

మా నల్లగొండ దిక్కు కేబుల్ అన్నలు ఈ మధ్య కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతున్నరు, "ఊర్లల్ల ఫైబర్ గుంజుదామనుకుంటున్నం, లెక్క ఎక్సెల్‌ల వేసుకుంటే సరిపోతదా, లేకుంటే నువ్వు చెప్పే ఆ స్టెమ్ సాఫ్ట్‌వేర్ లాంటిదేదన్న తీస్కోవాల్నా" అని. ఒక్కొక్కరికి ఫోన్ల చెప్పుకుంట పోతే సగమే చెప్పినట్టయితున్నది, అందుకే కూసొని రాస్తున్న. మొన్ననే దేవరకొండ దిక్కు 12 ఊర్ల ప్లాన్ ఒకటి రెండిట్లనూ వేసి చూసిన, అంకెలు ఇంకా నోట్లనే ఉన్నయి.

ఎక్సెల్ సంగతి మీకు తెల్వంది కాదు. అందరి దగ్గర ఉంటది, బ్యాంకుల లోన్ కోసం పోతే మేనేజర్ కూడ అదే ఫైల్ అడుగుతడు. ఒక్క ఊరు, రెండు వందల లోపు కనెక్షన్లు, ఒక్క ఇంటర్నెట్ సర్వీసే అంటే ఇంకోటి ఆలోచించే పనే లేదు, ఎక్సెల్ తీయండి.

కానీ ఊర్లు పెరిగినకొద్ది ఒక్క విషయం దగ్గర అంతా తిరగబడతది. మన లైన్ల ఖర్చు కనెక్షన్‌తోని సమానంగ పెరగదు, మెట్లు మెట్లుగ పెరుగుతది. ఒక్క పాన్ పోర్టు (ఊర్లకు పోయే ఫైబర్ తగిలించే సాకెట్) మీద 64 ఇండ్లు నడుస్తయి అనుకుందాం, 65వ ఇల్లు వచ్చిందంటే ఆ ఒక్క ఇంటి కోసం ఇంకో పోర్టు తెరవాలె, పోర్టులు అయిపోతే ఇంకో ఓఎల్‌టీ, అంటే ఆ పోర్టులు ఉండే మెయిన్ డబ్బా, కొనాలె.

మా 12 ఊర్ల లెక్క చూడండి. మొత్తం 480 కనెక్షన్లు వస్తయని అంచనా. ఎక్సెల్‌ల మామూలుగ ఎవరన్న ఏం చేస్తరు, 480ని 64 తోని భాగిస్తరు, ఏడున్నర వస్తది, ఎనిమిది పోర్టుల ఓఎల్‌టీ ఒకటి చాలని రాస్తరు. కానీ ఆ 480 ఒక్క దగ్గర లెవ్వు కదా. రెండు పెద్ద ఊర్లల్ల 90 చొప్పున, మిగిలిన పది ఊర్లల్ల 30 చొప్పున ఉన్నయి. మొదటి ప్లాన్‌ల ఊరికో పోర్టు ఇచ్చినం, పెద్ద ఊర్లకు రెండేసి, అట్ల 14 పోర్టులు అయినయి. ఎనిమిది పోర్టుల డబ్బా ఎటూ సాలదు. పైంగ 14 పోర్టులల్ల 896 కనెక్షన్లకు జాగ ఉంటే 480 మాత్రమే నిండుతయి, మిగిలిన 416 జాగలకు మనం పైసలు పెట్టి ఊకె కూసోవాలె.

స్టెమ్ లాంటి సాఫ్ట్‌వేర్ గట్టితనం సరిగ్గ ఇక్కడనే. అది కేంబ్రిడ్జ్‌ల ఉండే ఇంప్లైడ్ లాజిక్ కంపెనీది, టెలికం లెక్కల కోసమే చేసింది. ఒక పక్క సర్వీసులు పెడతం, ఇంకో పక్క సామాన్లు పెడతం, ఒక్కో సామానుకు ఎంత కెపాసిటీ, ఎంత ధర, ఎన్నేండ్లు నడుస్తది అని చెప్పి రెండిటి మధ్య గీతలు కలుపుతం. కనెక్షన్లు పెరుగుతుంటే ఏ ఏడు ఏది ఎన్ని కొనాల్నో, పాతది ఎప్పుడు మార్చాల్నో, ఎంత ఖాళీగ పడి ఉంటదో అదే తీసి చూపెడతది.

ఎక్సెల్‌ల రౌండప్ ఫార్ములా పెడితే ఇదంతా రాదా అని అడుగుతరు. వస్తది. కానీ 12 ఊర్లు, పదేండ్లు, ఆరు రకాల సామాన్లు అంటే 720 గడులు అయితయి, అండ్ల ఒక్కటి తప్పినా ఎవరికీ కనపడదు. మా దోస్తు ఒకాయన పైసలిచ్చి రాయించుకున్న ప్రాజెక్ట్ రిపోర్ట్ నాకు చూపిస్తే, నేను ఊరికె కనెక్షన్లు 500 నుంచి 900 చేసి చూసిన, ఆదాయం పెరిగింది, ఓఎల్‌టీల ఖర్చు మాత్రం కదలలే. రాసినోళ్లు అక్కడ ఫార్ములా పెట్టకుండ అంకె టైప్ చేసి వదిలేసిన్రు. అప్పటికే ఆయన ఆ లెక్క మీదనే లోన్ తీసుకున్నడు, నాకు ఇప్పటికీ మనసుల పడ్తలేదు.

బ్యాటరీలు కూడ గట్లనే. మన ఎండలకు ఇన్వర్టర్ బ్యాటరీలు మూడు నాలుగేండ్లకే పోతయి, తొలకరి పిడుగులకు ఇండ్లల్ల పెట్టే ఫైబర్ డబ్బాలు (ఓఎన్‌యూలు) కాలుతయి, ఇవి మొదటి ఏడు లెక్కల ఉండవు, నాలుగో ఏడు ఒక్కసారే మీద పడతయి. సాఫ్ట్‌వేర్ల ఒక్కో సామానుకు వయసు కూడ చెప్తం కాబట్టి ఇది మర్చిపోవుడు తక్కువ.

ఇంకోటి, ఒకే కేబుల్ మీద టీవీ, ఇంటర్నెట్ పోతుంటే, మిర్యాలగూడ దిక్కు ఒక రైస్ మిల్లు లీజ్డ్ లైన్ (తనకొక్కనికే వేరే లైన్) అడిగితే ఎంత రేటు చెప్పాలె? ఆ కేబుల్ ఖర్చుల మిల్లు వాటా ఎంతనో తెల్వకుండ చెప్పే రేటు చీకట్ల రాయి విసిరినట్టే. వాడకాన్ని బట్టి వాటాలు పంచే పని సాఫ్ట్‌వేర్ బాగ చేస్తది. రేపు మిషన్ భగీరథ పైపుల ఎంబడి వేసిన రాష్ట్ర సర్కారు ఫైబర్ నెట్‌వర్క్ టీ-ఫైబర్‌ను అద్దెకు తీస్కునే వీలుంటే, సొంత కేబుల్ మేలా అద్దె మేలా అని రెండు సీనారియోలు పక్కపక్కన పెట్టి కూడ చూడొచ్చు.

లోట్లు ఉన్నయి, దాచను. లైసెన్స్ కొనాలె, చేయి తిరగనీకె నెలలు పడతది, బ్యాంకుల ఆ ఫైల్ ఎవరూ తెరవరు, మళ్ల ఎక్సెల్‌ల తీసియ్యాలె. మనం తప్పు అంచనా ఇస్తే సాఫ్ట్‌వేర్ కూడ తప్పే చెప్తది.

గూగుల్ షీట్స్ అంటే ఎక్సెల్ లెక్కనే, నలుగురు ఒకేసారి చూడొచ్చు అంతే. క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్ మ్యాప్ మీద కేబుల్ పొడవు కొలిచేతందుకు బాగుంటది, పైసల లెక్క దాని పని కాదు.

నా మాట అడిగితే పది ఊర్లు దాటినా, రెండు సర్వీసులు దాటినా సాఫ్ట్‌వేరే. కొనే స్తోమత లేకుంటే లైసెన్స్ ఉన్నోళ్లతోని ఒక్కసారి మోడల్ చేయించుకోండి, నెలనెల కలెక్షన్ లెక్క ఎక్సెల్‌ల నడిపించుకోండి.

మా 12 ఊర్లు ఏమైనయంటే, ఖాళీ జాగల లెక్క చూసినంక ప్లానే మార్చినం. ఒకే రోడ్డు మీద ఉన్న ఏడు ఊర్లు ముందు తీసుకున్నం, పెద్దయి రెండు, చిన్నయి ఐదు, మొత్తం 330 కనెక్షన్లు. చిన్న ఊర్లను రెండు రెండు ఒక్క పోర్టుకు స్ప్లిటర్ (ఒక్క ఫైబర్‌ను పంచే సామాను) పెట్టి కలిపితే ఏడు పోర్టులే పడ్డయి, ఎనిమిది పోర్టుల డబ్బా ఒక్కటే సాలింది. రాత్రి తొమ్మిది గంటల రద్దీల కనెక్షన్‌కు సగటున 2 ఎంబీపీఎస్ అనుకుంటే 660 అయితది, 1 జీబీపీఎస్ (1000 ఎంబీపీఎస్) లింక్‌ను 70 శాతం దాటనియ్యొద్దన్న మా హద్దుకు లోపలనే ఉన్నది. అదే 12 ఊర్లు ఒక్కసారే ఎత్తుకుంటే 960, ఐపీఎల్ మ్యాచ్ నాడు మొత్తం ఆగిపోతది. మిగిలిన ఐదు ఊర్లు వేరే రోడ్డు మీద ఉన్నయి, వాటిని దసరా అయినంక మళ్ల లెక్క వేసి చూస్తం.