ఎస్‌ఏసీడీ ప్లేయర్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. రెండు స్పీకర్లతో స్టీరియో మాత్రమే వినేవాళ్లకు ఎస్‌ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ) ప్లేయర్ అక్కర్లేదు, మంచి సీడీ ప్లేయర్ చాలు. ఇంట్లో 5.1 సెటప్ (చుట్టూ ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) ఉండి, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమో, జాజో, 1970ల నాటి రాక్ సంగీతమో ఇష్టమైతే మాత్రం వెతికి మరీ కొనుక్కోవచ్చు. మన సినిమా పాటల కోసమైతే దీని జోలికి పోకండి.

1999లో సోనీ, ఫిలిప్స్ కలిసి తెచ్చిన ఫార్మాట్ ఇది. సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి రాస్తారు, ఆ కొలతలే శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు. ఎస్‌ఏసీడీలో వాడే డీఎస్‌డీ పద్ధతిలో ఒక్కో శాంపిల్ ఒక్క బిట్టే, కానీ సెకనుకు 28 లక్షలకు పైగా ఉంటాయి. ఈ అంకెలు చూసే చాలామంది జేబులో చెయ్యి పెడతారు.

హైబ్రిడ్ డిస్కులో మామూలు సీడీ లేయరూ, ఎస్‌ఏసీడీ లేయరూ రెండూ ఉంటాయి కాబట్టి తేడా ఇంట్లోనే చూసుకోవచ్చు. సౌండ్ మీటర్‌తో రెండింటి వాల్యూమ్ సమానం చేసి, మా ఆవిడకు రిమోట్ ఇచ్చి, ఏ లేయరో చెప్పకుండా మార్చమన్నాను. లేయర్ మార్చినప్పుడల్లా ప్లేయర్ డిస్కును మళ్లీ మొదటినుంచీ చదువుతుంది, ఆ కాస్త ఆలస్యం చిరాకే. రెండు లేయర్లూ ఒకే మాస్టర్‌తో (డిస్కు అచ్చుకు ముందు సిద్ధం చేసే తుది రికార్డింగ్‌తో) చేసిన డిస్కుల్లో ఏది ఏదో నేను పట్టుకోలేకపోయాను. ఒక పియానో డిస్కులో మాత్రం వెంటనే తెలిసిపోయింది. సీడీ లేయర్‌లో గట్టి స్వరాలన్నీ ఒకే ఎత్తుకు నొక్కేసి ఉన్నాయి. అది ఫార్మాట్ మహిమ కాదు, మాస్టరింగ్ చేసినవాళ్ల నిర్వాకం. 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు అమెరికాలో ఇలాంటి పరీక్షే పెద్ద ఎత్తున చేసి ఫలితాలు ప్రచురించారు. హై-రిజల్యూషన్ శబ్దాన్నీ, దాన్నే సీడీ స్థాయికి దించిన శబ్దాన్నీ వినిపిస్తే, 554 ప్రయత్నాల్లో సరిగ్గా చెప్పినవి 276. బొమ్మాబొరుసూ వేసినా అంతే వస్తుంది.

పైగా మన ఇళ్లలో ఫ్యాను ఒకటుంది కదా! ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో అది ఆపి ఎంతసేపు కూర్చుంటాం? అది తిరుగుతుంటే సీడీ ఇచ్చే 96 డెసిబెళ్లలోనే అడుగు భాగం వినపడదు. అంతకు మించిన దాని గురించి ఇక మాట్లాడేదేముంది.

మరి ఇన్నేళ్లూ ఎందుకు ఉంచుకున్నానంటే, మల్టీఛానల్ కోసం, అంటే చుట్టూ ఉన్న స్పీకర్లన్నిటికీ వేర్వేరు శబ్దం రావడం కోసం. చర్చిలో రికార్డు చేసిన బృందగానం పెడితే గొంతులన్నీ ముందే ఉంటాయి, వెనక స్పీకర్లలో ఆ హాలు గాలి తప్ప ఏమీ ఉండదు. వెనక స్పీకరు దగ్గర చెవి పెడితే ఇది పనిచేస్తోందా అని అనుమానం వస్తుంది. కానీ వాళ్లు పాట ఆపిన క్షణం, ఆ చివరి స్వరం మన వీపు వెనక్కి వెళ్లి మెల్లగా కరుగుతుంది. స్టీరియోలో ఇది రాదు. ఫిలిప్స్‌లో పనిచేసినవాళ్లు 2001లో నెదర్లాండ్స్‌లో పెట్టిన పెంటాటోన్ అనే కంపెనీ, 1970ల నాటి నాలుగు ఛానళ్ల టేపుల్ని ఎస్‌ఏసీడీలుగా తెచ్చింది. నా దగ్గర ఎక్కువగా తిరిగేవి అవే.

కొనేముందు కనెక్షన్ల సంగతి చూసుకోండి. కాపీ రక్షణ వల్ల ఆప్టికల్, కోయాక్సియల్ తీగల్లోంచి ఎస్‌ఏసీడీ లేయర్ రాదు, హెచ్‌డీఎంఐ కావాలి. లేదంటే ప్లేయర్‌కే అనలాగ్ అవుట్‌పుట్లు ఉండాలి. రిసీవర్‌లో (స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్‌లో) గదికి తగ్గట్టు శబ్దాన్ని సరిచేసే రూమ్ కరెక్షన్ ఆన్ చేస్తే చాలా మోడళ్లు డీఎస్‌డీని పీసీఎమ్‌గా (సీడీలో వాడే తరహా పద్ధతికి) మార్చేస్తాయి, డిస్‌ప్లే మీద డీఎస్‌డీ అన్న అక్షరాలు పోతాయి. కొంతమందికి దానికే ప్రాణం పోతుంది. డైరెక్ట్ మోడ్‌లో పెడితే ఆ అక్షరాలు తిరిగొస్తాయి, నా రిసీవర్‌లో మాత్రం సబ్‌వూఫర్‌కు బేస్ పంపే ఏర్పాటు పోతుంది. నా చిన్న స్పీకర్లతో ఆ బేరం గిట్టదు. పీసీఎమ్‌లోనే వింటున్నాను.

నా మొదటి ప్లేయర్ సెకండ్‌హ్యాండ్‌ది. కొన్నాళ్లకు సీడీలు చక్కగా పాడుతూనే ఎస్‌ఏసీడీలు చదవడం మానేసింది. సీడీకి 780 నానోమీటర్ల లేజర్, ఎస్‌ఏసీడీకి 650, ఒకటి నీరసించినా రెండోది పనిచేస్తుంది. అందుకే పాతది కొనేటప్పుడు మామూలు సీడీ పెట్టి చూసి సంతృప్తి పడొద్దు. ఎస్‌ఏసీడీయే తీసుకెళ్లి, చివరి ట్రాకు దాకా వినండి. డీవీడీ-ఆడియో అనే మరో హై-రిజల్యూషన్ డిస్కును కూడా ఆడించే ఒప్పో ప్లేయర్లకు ఇప్పటికీ గిరాకీ ఉంది, కానీ ఆ కంపెనీ 2018లోనే తయారీ ఆపేసింది, స్పేర్ల సంగతి ఆలోచించుకోవాలి.

ఇప్పుడు వాడుతున్నది సోనీ యూబీపీ-ఎక్స్800ఎం2. బ్లూ-రే, ఎస్‌ఏసీడీ, డీవీడీ-ఆడియో అన్నీ ఆడిస్తుంది. ముందు డిస్‌ప్లే లేదు, ఎన్నో ట్రాకో తెలియాలంటే టీవీ వెయ్యాల్సిందే. అనలాగ్ అవుట్‌పుట్ లేదు, రిసీవర్ ఉన్నవాళ్లకే పనికొస్తుంది. ఇక డిస్కులు విదేశాల నుంచి తెప్పించుకుంటే పోస్టేజీ, కస్టమ్స్ కలిపి ఒక్కొక్కటి మూడు వేలు దాటుతుంది. అందుకే నాలుగైదు కలిపి ఒకేసారి ఆర్డర్ పెడతాను.