ఇంట్ల చేసుకునే సీఎన్‌సీకి ఏ కంట్రోలర్ మేలు? గ్రబుల్, లినక్స్‌సీఎన్‌సీ, మాక్3, డీఎస్‌పీ

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి, యే టౌన్‌కు పోయినా ఇప్పుడు దర్వాజల మీద డిజైన్ కొట్టే సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్ చెప్పినట్టు కదిలి చెక్కను చెక్కే మెషిన్, ఒకటన్న నడుస్తనే ఉంటది, దాన్ని చూసి మనం కూడ ఒక చిన్నది ఇంట్లనే చేసుకుందాం అనుకునే పిల్లలు మస్తుమంది ఉన్నరు. చీరల నేతకు దారం చుట్టే ఆసు యంత్రం చేసి 2017ల పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గారిది మన పాత నల్లగొండ జిల్లా శారాజిపేటనే, కాబట్టి ఇంట్ల కూసొని మెషిన్ చేసుడు మన దిక్కు కొత్త ముచ్చటేం కాదు. అందరు ముందుగాల అడిగేది ఒకటే, అన్నా కంట్రోలర్ ఏది కొనాలె అని. నేను చెప్పేది ఏందంటే కంట్రోలర్ కంటె ముందు మోటర్‌ను తిప్పే డ్రైవర్‌కు ఎన్ని వోల్టులు ఇస్తున్నవ్, ఎర్తింగ్ ఎట్లున్నది, వైరింగ్ ఎట్ల చేసినవ్, ఇవి చూసుకోవాలె, ఇవి మంచిగ లేకుంటే యే కంట్రోలర్ పెట్టినా బొమ్మ ఖరాబే అయితది. అయినా కంట్రోలర్లల్ల తేడా లేదని కాదు, ఉన్నది, అదే ఇక్కడ వివరంగ చెప్తా.

గ్రబుల్, లినక్స్‌సీఎన్‌సీ, మాక్3, డీఎస్‌పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్) డబ్బా, ఈ నాలుగిటి పని ఒకటే, జీ-కోడ్, అంటే టూల్ ఎటు ఎంత జరగాలెనో రాసిన లైన్లు చదివి మోటర్ డ్రైవర్‌కు స్టెప్ పల్స్‌లు పంపుడు, ఒక్కో పల్స్‌కు మోటర్ ఒక్కో స్టెప్పు తిరుగుతది. ఆ పల్స్‌లు ఎవరు తయారు చేస్తరు అన్నకాడనే తేడా. గ్రబుల్‌ల చిన్న చిప్పు చేస్తది, లినక్స్‌సీఎన్‌సీల కంప్యూటరే చేస్తది లేదంటే దానికి పెట్టిన మెసా కార్డు చేస్తది, మాక్3ల విండోస్ కంప్యూటర్ చేస్తది, డీఎస్‌పీల చేతిల పట్టుకునే ఆ డబ్బానే మొత్తం చూసుకుంటది, కంప్యూటర్ అక్కర్లేదు.

ముందు గ్రబుల్ సంగతి. 2009ల మొదలైన సాఫ్ట్‌వేర్ ఇది, ఆర్డుయినో ఊనో మీద నడుస్తది, ఆ చిప్పు 16 మెగాహెర్ట్జ్, ర్యామ్ 2 కేబీ, సెకనుకు 30 వేల పల్స్‌ల దాకా ఇస్తది. చాలామంది ఊనో స్లో అంటరు, జర లెక్క ఏసి చూద్దాం. మామూలు స్టెప్పర్ మోటర్ ఒక చుట్టుకు 200 స్టెప్పులు, డ్రైవర్‌ల 8 మైక్రోస్టెప్పులు పెడితే, అంటే ఒక్కో స్టెప్పును 8 ముక్కలు చేస్తే 1600, దానికి 1605 బాల్ స్క్రూ అంటే 16 మి.మీ. లావు 5 మి.మీ. పిచ్ ఉన్నది పెడితే ఒక మి.మీ.కు 320 పల్స్‌లు. 30 వేలను 320తోని భాగిస్తే సెకనుకు 93 మి.మీ., నిమిషానికి 5600 మి.మీ. పైమాటే. ఆ స్పీడ్‌ల స్క్రూ నిమిషానికి 1100 చుట్లకు మించి తిరగాలె, మన నేమా 23 సైజు స్టెప్పర్‌కు అక్కడికి పోయేసరికి బలం సగం కూడ మిగలదు, అంటే ఊనో కంటె ముందు మోటరే చేతులెత్తేస్తది. ఫినిషింగ్ బాగొస్తదని 16 మైక్రోస్టెప్పులు పెట్టిండ్రనుకో స్పీడ్ లిమిట్ సగమైతది, చెక్కల వచ్చే లాభం కంటికి కనిపించదు, 8 చాలు.

ఊనోకు అసలు ఇబ్బంది వేరేకాడ ఉన్నది. దర్వాజ మీద తీగలు, పూలు, పేరు చెక్కుడు అయితే బాధ లేదు. వినాయకుడి బొమ్మ లెక్క ఎత్తుపల్లాలున్న రిలీఫ్ కొట్టాలంటే జీ-కోడ్ మొత్తం 0.1 మి.మీ. ముక్కలే ఉంటయి, ఊనో ముందుకు చూసేది 16 ముక్కల దాకనే, అంటే 1.6 మి.మీ. ఎప్పుడైనా ఆ దూరంల ఆగగలిగేటట్టు స్పీడ్ తగ్గించుకుంటది, రాత్రి చిన్న లైట్‌తోని బండి నడిపినట్టు. యాక్సిలరేషన్ (స్పీడ్ పెరిగే, తగ్గే జోరు) 300 మి.మీ./సె² పెట్టినవనుకో సెకనుకు 31 మి.మీ. దాటదు, నిమిషానికి 1850 అట్ల. నువ్వు ఫీడ్ (కోసే స్పీడ్) 4000 అని రాసినా అంతే. నా మోటర్ ఎందుకు మెల్లగ పోతున్నది అని అడిగేటోళ్లల్ల చాలామందికి ఇదే కారణం, మోటర్ మారిస్తే ఏం కాదు.

అందుకే కొత్తగ కొనేటోళ్లకు నేను ఊనో చెప్పను, 32 బిట్ బోర్డులే చెప్తా. ఈఎస్‌పీ32 మీద నడిచే ఫ్లూయిడ్‌ఎన్‌సీ ఒకటి, టీన్సీ 4.1 లాంటి వాటి మీద నడిచే గ్రబుల్‌హాల్ ఒకటి. ఇవి ముందుకు చూసే ముక్కలు ఎక్కువ, స్టెప్ రేట్ ఎక్కువ, గ్రబుల్‌హాల్‌ల జీ81 లాంటి డ్రిల్లింగ్ సైకిల్స్ కూడ ఉన్నయి, పాత గ్రబుల్‌ల అవి లేవు. ఫ్లూయిడ్‌ఎన్‌సీల నాకు బాగ నచ్చింది, సెట్టింగులన్ని ఒక టెక్స్ట్ ఫైల్‌ల రాసి బోర్డుల పెట్టుడే, మళ్ల మళ్ల ప్రోగ్రాం ఎక్కించే పని లేదు, ఫోన్‌ల బ్రౌజర్ తెరిచి వైఫైతోనే నడపొచ్చు, ఎస్‌డీ కార్డుల ఫైల్ ఏస్తే కంప్యూటర్ ఆగిపోయినా జాబ్ ఆగదు. ఒక్కటి చూసుకోవాలె, ఈఎస్‌పీ32 ఇచ్చేది 3.3 వోల్టులే, డీఎం542 లాంటి డ్రైవర్ లోపల సిగ్నల్ అందుకునే ఆప్టోకప్లర్‌కు 5 వోల్టుల సిగ్నల్ కావాలె, మధ్యల సిగ్నల్‌ను 5 వోల్టులకు పెంచే బఫర్ చిప్పు ఉన్న బోర్డే కొనాలె. బఫర్ లేకున్నా నడుస్తనే ఉన్నదిగ అంటరు, నడుస్తది, కాని అప్పుడప్పుడు పల్స్ మిస్ అయి బొమ్మ పక్కకు జరుగుతది, అప్పుడు ఎక్కడ వెతకాలెనో సమజ్ కాదు.

ఇగ లినక్స్‌సీఎన్‌సీ. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌ల ఈఎంసీ అనే పేరుతోని పుట్టింది, 2011ల పేరు మారింది, ఫ్రీ సాఫ్ట్‌వేర్. పాత కంప్యూటర్ పారలల్ పోర్ట్‌తోనే మెషిన్ నడపొచ్చు, ఆ పోర్ట్‌ల 12 ఔట్‌పుట్‌లు, 5 ఇన్‌పుట్‌లు ఉంటయి, మూడు యాక్సిస్‌లకు స్టెప్, డైరెక్షన్ కలిపి 6 పోతే ఇంక స్పిండిల్‌కు (టూల్‌ను తిప్పే మోటర్), డ్రైవర్ల ఎనేబుల్‌కు కూడ మిగుల్తయి. సికింద్రాబాద్ సీటీసీల సెకండ్ హ్యాండ్ కోర్ టూ డుయో కంప్యూటర్లు దొరికితే పారలల్ పోర్ట్ వెనుక లేకున్నా మదర్‌బోర్డు మీద 26 పిన్నుల హెడర్ ఉందేమో చూడండ్రి. యూఎస్‌బీ నుంచి పారలల్‌కు మార్చే కేబుల్ మాత్రం దీనికి అస్సలు పనికిరాదు, అది ప్రింటర్ కోసం చేసింది. ల్యాప్‌టాప్ కూడ వద్దు.

కొనే ముందు చెయ్యాల్సిన పని లేటెన్సీ టెస్ట్, అంటే కంప్యూటర్ టైముకు పని చెయ్యకుండ ఎంత ఆలస్యం చేస్తదో చూసుడు. పెన్‌డ్రైవ్‌ల లినక్స్‌సీఎన్‌సీ ఎక్కించుకొని పొయ్యి షాపులనే బూట్ చేసి, టెస్ట్ పెట్టి, పక్కన బ్రౌజర్, వీడియో తెరిచి కొద్దిసేపు నడపాలె. 20 మైక్రోసెకన్ల లోపు వస్తే మంచి మెషిన్, 30 నుంచి 50 వస్తే నడుస్తది కాని స్పీడ్ తగ్గుతది, 100 దాటితే పారలల్ పోర్ట్‌తోని పల్స్‌లు తీసుడుకు ఆ కంప్యూటర్ వద్దు. కొత్త కంప్యూటర్ కదా బాగుంటది అనుకోవద్దు, పాతవాటికే చాలాసార్లు మంచి నంబర్ వస్తది. నంబర్ మంచిగ రాకున్నా, యాక్సిస్‌లు ఎక్కువున్నా మెసా కార్డు పెట్టాలె, 7ఐ96 లాంటిది ఈథర్నెట్ కేబుల్‌తోని కలుస్తది, పల్స్‌లు కార్డే తీస్తది కాబట్టి కంప్యూటర్ మీద భారం పోతది. కాని అది అమెరికా నుంచి రావాలె, షిప్పింగ్, కస్టమ్స్ కలిస్తే మొత్తం ఎలక్ట్రానిక్స్ ఖర్చుల అదే పెద్ద ముక్క, కాలిపోతే కోఠి గుజరాతీ గల్లీకి పోయి సాయంత్రానికి తెచ్చుకునేది కాదు.

మరి ఇంత తిప్పలు ఎందుకు పడాలె అంటే, లేత్ కోసం. లేత్ మీద చూడి (బోల్టుకు ఉండే థ్రెడ్) కొయ్యాలంటే స్పిండిల్ ఎంత తిరిగింది, టూల్ ఎంత జరగాలె అన్నది కలిసి నడవాలె, స్పిండిల్‌కు ఎన్‌కోడర్ పెడితే లినక్స్‌సీఎన్‌సీల జీ76తోని చూడి పాసుల మీద పాసులు అదే గాడిల పడ్తది. పాత గ్రబుల్‌ల ఇది లేనే లేదు. మిల్లింగ్‌ల ట్యాప్ కొట్టుడు, టూల్ టేబుల్, కట్టర్ లావుకు తగ్గట్టు దారి సవరించే కట్టర్ కాంపెన్సేషన్ ఇవన్ని పెద్ద మెషిన్ల లెక్కనే ఉంటయి. ఇనుము, ఇత్తడి పని చెయ్యాలనుకునేటోళ్లు, అందుల లేత్ మార్చుకునేటోళ్లు వేరే ఆలోచన పెట్టుకోకుండ లినక్స్‌సీఎన్‌సీకే పోవాలె అని నా మాట. దీని సెట్టింగులు రాసే హాల్ ఫైలు, ఐఎన్ఐ ఫైలు చూసి భయపడతరు గాని స్టెప్‌కాన్ఫ్ విజార్డ్ అడిగిందానికి జవాబిస్తే మొదటి ఫైళ్లు అదే రాసిస్తది.

మాక్3 గురించి ఎక్కువ చెప్ప. ఒకప్పుడు అందరికి అదే, ఇప్పుడు దాని అభివృద్ధి ఆగిపోయింది, పారలల్ పోర్ట్‌తోని నడవాలంటే 32 బిట్ పాత విండోస్ ఉండాలె, 64 బిట్‌ల ఆ డ్రైవర్ ఎక్కదు, యూఎస్‌బీ కార్డు పెడితే ఆ కార్డు ప్లగిన్ ఎంత మంచిదో మెషిన్ అంత మంచిది, లైసెన్స్ లేకుంటే 500 లైన్ల దగ్గర ఆగిపోతది. ఇప్పటికే నడుస్తున్న మెషిన్ ఉంటే కదిలియ్యకు, కొత్తగ మాత్రం మొదలువెట్టకు.

రిచ్‌ఆటో ఏ11 లాంటి డీఎస్‌పీ డబ్బాలు వడ్లోళ్ల షాపులల్ల నడిచేవి. పెన్‌డ్రైవ్ పెట్టు, ఫైల్ ఎన్నుకో, జీరో పెట్టు, స్టార్ట్ కొట్టు, అంతే. పొట్టు, దుమ్ము, ఎండాకాలం 44 డిగ్రీల రేకుల షెడ్డు, కంప్యూటర్ అక్కడ బతుకుడు కష్టం, ఈ డబ్బా బతుకుతది, పనికి పెట్టుకున్న పిలగాడు కూడ తొందరగ నేర్చుకుంటడు. రోజు మొత్తం ఆర్డర్లు కొట్టే షాపుకు ఇదే సరైనది అంటా. నేర్చుకుందాం, కొత్తవి చేద్దాం అనుకునేటోడికి మాత్రం లోపల ఏం జరుగుతుందో కనిపించదు, మార్చుకునే అవకాశం తక్కువ.

ఇగ డ్రైవర్లు. టీబీ6600 అని చవకగ వచ్చే డబ్బాలు, డీఎం542 పక్కపక్కన పెడితే నేను డీఎం542కే ఓటేస్తా, టీబీ6600 పేరుతోని లోపల వేరే చిన్న చిప్పు పెట్టి అమ్మేవి ఉన్నయి, పైన రాసిన కరెంటు అవి ఇయ్యలేవు, డిజిటల్ డ్రైవర్‌తోని మోటర్ మెల్లగ తిరిగేటప్పుడు గరగర కూడ తక్కువ. డ్రైవర్లకు కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) 24 వోల్టులు కొంటే ఎక్కువ స్పీడ్‌ల మోటర్ సచ్చిపోతది, 36 తీస్కోండ్రి. డీఎం542 లిమిట్ 50 వోల్టులు, 48 పెడితే మోటర్ ఒక్కసారి ఆగినప్పుడు వెనకకు వచ్చే వోల్టేజ్‌కు చోటు ఉండదు. ఇంకొకటి, స్టెప్ సిగ్నల్ పొలారిటీ ఉల్టా ఉంటే మోటర్ మంచిగనే తిరుగుతది గాని దిక్కు మారినప్పుడల్ల ఒక మైక్రోస్టెప్ పోవచ్చు, వెయ్యిసార్లు దిక్కు మారే జాబ్‌ల 3 మి.మీ. దాకా తేడా రావొచ్చు, కప్లింగ్ లూజ్ అని బోల్టులు బిగించుకుంట కూసుంటరు.

కరెంటు సంగతి మన దిక్కు స్పెషల్‌గ చూడాలె. పక్కన బోరు మోటర్ ఏసినప్పుడల్ల వోల్టేజ్ పడ్తది. చాలామంది కంప్యూటర్‌కు, కంట్రోలర్‌కు యూపీఎస్ పెట్టి డ్రైవర్ల ఎస్‌ఎంపీఎస్‌ను గోడ ప్లగ్‌కు పెడతరు, ఇది అన్నిటికంటె చెడ్డది, మోటర్లు ఆగిపోయినా కంట్రోలర్ మాత్రం నడుస్తున్నయనుకొని లెక్క ఏసుకుంటనే పోతది, కరెంటు రాంగనే బొమ్మ వేరే జాగల చెక్కుతది. ఎస్‌ఎంపీఎస్ కూడ అదే యూపీఎస్ మీద ఉండాలె, 2.2 కిలోవాట్ల స్పిండిల్‌ను యూపీఎస్ మీద పెట్టలేం కాబట్టి వీఎఫ్‌డీల (స్పిండిల్ స్పీడ్ మార్చే డ్రైవ్) ఉండే ఫాల్ట్ రిలేను కంట్రోలర్ ఫీడ్ హోల్డ్‌కు, అంటే జాబ్‌ను మధ్యల ఆపే ఇన్‌పుట్‌కు కలపాలె. ఎర్రనేల ఎండాకాలం ఎండిపోతే ఎర్త్ పని చెయ్యదు, బొగ్గు, ఉప్పు ఏసిన గుంతల నీళ్లు పోస్తుండాలె. వీఎఫ్‌డీ నుంచి స్పిండిల్‌కు షీల్డ్ ఉన్న కేబుల్, మోటర్ వైర్లకు దూరంగ లిమిట్ స్విచ్ వైర్లు, ఆ స్విచ్‌లు నార్మల్లీ క్లోజ్డ్ రకం, వైర్ తెగితే మెషిన్ ఆగాలె గాని గుద్దుకోవద్దు. ఊనో యూఎస్‌బీ మధ్యమధ్యల తెగిపోతుంటే చాలాసార్లు కారణం ఈ నాయిసే, ఊనో కాదు.

దేవరకొండలనో కొల్లాపూర్లనో ఉండి ఇప్పుడే చెక్క కోసం 3 యాక్సిస్ రౌటర్ మొదలుపెడుతున్న తమ్ముడికైతే 5 వోల్టుల బఫర్ ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు, మూడు డీఎం542లు, 36 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ చెప్తా, మిగిలిన పైసలు బాల్ స్క్రూలకు, లీనియర్ గైడ్లకు పెట్టు, రాణీగంజ్‌ల తిరిగి చేత్తోని ఆడించి చూసి కొను. రేపు లేత్ మీదికి మనసు పోయి లినక్స్‌సీఎన్‌సీకి మారాలనుకున్నా డ్రైవర్లు, మోటర్లు, స్విచ్‌లు అవే పనికొస్తయి, స్టెప్, డైరెక్షన్ వైర్లు ఒక టెర్మినల్ నుంచి ఇంకొక టెర్మినల్‌కు మారుతయి, ఫ్లూయిడ్‌ఎన్‌సీ ఫైల్‌ల మి.మీ.కు 320 అని రాసిన నంబరే ఐఎన్ఐ ఫైల్‌ల స్కేల్ దగ్గర రాస్తవు. అందుకే మొదటి రోజే ప్రతి వైర్‌కు నంబర్ స్లీవ్ ఎక్కించి, ఏ నంబర్ ఏ పిన్నుకు పోతదో కాగితం మీద రాసి ప్యానెల్ తలుపుకు లోపల అతికించు.